కాలేజీ పిల్లలతో నాటకం చేయించడం ఎలా: రంగస్థల కళాకారుల కోసం

ఒక కాలేజీలో నాటిక చేయిస్తున్నప్పుడు తండ్రి పాత్ర వేస్తున్న కుర్రాడికి ఒక్క మాట కుదరడం లేదు. "రాకపోతే రాకపో" అనాలి, అంతే. ఎన్నిసార్లు చెప్పినా పొడిగా వస్తోంది. టైం లేదు, నాకు ఓపికా లేదు. లేచి వెళ్లి చేసి చూపించాను. ఆ రోజు నాకు జలుబు. మాట అనేముందు చిన్నగా గొంతు సవరించుకున్నాను. ప్రదర్శన రోజు అతను అక్కడికి రాగానే అచ్చం నాలాగే గొంతు సవరించుకుని మరీ ఆ మాట అన్నాడు. ప్రేక్షకులెవరూ గమనించలేదు. స్టేజి పక్కన వింగ్‌లో నిలబడ్డ నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఆరు వారాలు వెంటపడి ఆ అబ్బాయికి నేను అంటించింది నా జలుబు.

వృత్తి కళాకారులం కాలేజీకి వెళ్లినప్పుడు మన దారికి అడ్డుపడేది మన నైపుణ్యమే. మనకు వచ్చు కాబట్టి చేసి చూపించేస్తాం. వాళ్లు చురుగ్గా పట్టేస్తారు కూడా. కానీ పట్టింది మన నీడను. మీరు మెంటర్‌గా వెళ్తుంటే ఒకటి ముందే నిర్ణయించుకోండి: ప్రదర్శన రోజు మీరు ఆఖరి వరసలో కూర్చుంటారు, నాటకం మీరు లేకుండా నడుస్తుంది. కింద చెప్పేవన్నీ ఆ ఆఖరి వరసకు చేరుకునే దారి.

ఒప్పుకునే ముందు

ఫోన్ చేసి "ఒక నాటిక చేయించాలి సార్" అంటారు. సరే అనేయకుండా నాలుగు విషయాలు అడగండి. పరీక్షలెప్పుడు? రిహార్సల్‌కి రోజూ ఒకే గది ఇస్తారా? మీతోపాటు కూర్చునే అధ్యాపకులు ఎవరు? అసలు స్టేజి ప్రదర్శనకు ముందు మీ చేతికి ఎన్ని గంటలు వస్తుంది? ఈ నాలుగోది అడగడం అందరూ మరచిపోతారు. చాలాచోట్ల ప్రదర్శన రోజు పొద్దున్నే గానీ హాలు తాళం తీయరు. కనీసం రెండు పూటలు కావాలని మొదటి రోజే చెప్పండి.

టైం లెక్క ఇలా వేసుకోండి. స్టేజి మీద నిమిషానికి రిహార్సల్‌లో గంట అని మనవాళ్లు వేసే మోటు లెక్క ఒకటి ఉంది కదా, అరగంట నాటికకు అది 30 గంటలు. వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటల చొప్పున ఆరు వారాలంటే 36. మిగిలిన ఆరు గంటలు జ్వరాలకూ ఇంటర్నల్ పరీక్షలకూ కరెంటు పోవడానికీ సరిపోతాయి. మూడు వారాల్లో చేసిపెట్టమంటే నాటిక వద్దు, పది నిమిషాల స్కిట్ చేద్దామని చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పారితోషికం, రానుపోను ఖర్చులు, పోస్టర్ మీద ఎవరి పేరు ఎలా వేస్తారు అన్నవి కాగితం మీద రాసుకోండి. ఇక్కడ మొహమాటపడితే ఆ చిరాకు తర్వాత పిల్లల మీద పడుతుంది. హాజరు, అనుమతులు, తల్లిదండ్రులతో మాట్లాడటం అధ్యాపకుల పని. అందులో వేలు పెట్టకండి.

మొదటి రోజు పాత్రలు పంచకండి

వాళ్లు ఎదురుచూసేది అదే: ఎవరికి హీరో పాత్ర, ఎవరికి రెండు డైలాగులు. మీ అనుభవాలు, అవార్డుల కథలు కూడా ఆ రోజు వద్దు. పిల్లలకు మన మీద గౌరవం ఎలాగూ ఉంటుంది, దాన్ని భయంగా మార్చుకోకూడదు.

గదిలో కుర్చీలన్నీ గోడకు నెట్టించి నడిపించండి. ఎవరూ సైగ చేయకుండా అందరూ ఒకేసారి ఆగాలి, ఒకేసారి కదలాలి. మొదట్లో నవ్వుతారు, పది నిమిషాలకు నవ్వు ఆగిపోయి ఒకళ్లనొకళ్లు చూసుకోవడం మొదలవుతుంది. తర్వాత ఒక్కొక్కరినీ కనబడని నీళ్ల బకెట్ మోసుకుని ఇటు నుంచి అటు వెళ్లమనండి. అప్పుడు మొహాలు కాదు, భుజాలు చూడండి. నిండు బకెట్ కుడిచేత మోస్తుంటే ఒళ్లు ఎడమకు వంగుతుంది, ఖాళీ చెయ్యి పక్కకు లేస్తుంది, అడుగు పొట్టిదవుతుంది. కొందరు మొహం కష్టంగా పెట్టి చెయ్యి తేలిగ్గా ఊపుకుంటూ వెళ్లిపోతారు. ఒకమ్మాయి మాత్రం మధ్యలో ఆగి, బకెట్ దించి, అరచెయ్యి చూసుకుని, చెయ్యి మార్చుకుని వెళ్తుంది. ఆ అమ్మాయి అంతవరకూ గోడకు ఆనుకుని నోరు విప్పని మనిషై ఉంటుంది. పేరు రాసుకోండి.

ఆట మధ్యలో ఆపి ఉపన్యాసం ఇవ్వకండి. అమెరికాలో థియేటర్ గేమ్స్‌ను ఒక పద్ధతిగా తయారుచేసిన వయోలా స్పోలిన్ (1906–1994) దీనికొక మార్గం చూపించారు, సైడ్ కోచింగ్ అంటారు. ఆట నడుస్తుండగానే పక్కనుంచి చిన్న మాట అందించడం. "బరువు ఎక్కడుంది?" "నీళ్లు తొణుకుతున్నాయి." అంతే. వాళ్లు మీ వైపు చూడకుండా చేస్తూనే ఉండాలి.

రెండు మూడు రోజులు ఇలా చూశాక, స్క్రిప్టు అందరి చేతా అన్ని పాత్రలూ మార్చి మార్చి చదివించి, అప్పుడు పాత్రలు ఇవ్వండి. మైకు భయం లేనివాళ్లు ముందుకు తోసుకొస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ అనౌన్స్‌మెంట్ బాగా చేసేవాళ్లందరూ నటులు కారు.

స్క్రిప్టు

ముప్పై నుంచి నలభై నిమిషాలు, ఒకటే సెట్, ఆరు నుంచి పది పాత్రలు. మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకంటే పెద్దది పెట్టకండి. యాభై ఏళ్లవాళ్ల బాధలు ఇరవై ఏళ్ల పిల్లల నెత్తిన రుద్దకుండా, వాళ్ల వయసుకు దగ్గరగా ఉన్న పాత్రలు కనీసం సగమైనా ఉండేలా చూసుకోండి. జుట్టుకు తెల్లరంగు, వణికే చెయ్యి, వంగిన నడుము: ఈ మూడూ కనిపిస్తే ఆ స్క్రిప్టు వాళ్లది కాదని అర్థం. రచయిత అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం కూడా పిల్లల చేతే చేయించండి. అదీ నాటకంలో భాగమే.

మధ్యలో ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి చివర్లో మంచి సందేశం ఒకటి పెట్టమంటారు. నవ్వి ఊరుకోండి.

కూర్చుని చదవడం

తొందరపడి అందరినీ లేపి నిలబెట్టకండి. కనీసం నాలుగు రోజులు గుండ్రంగా కూర్చుని చదవాలి. చదివేటప్పుడు నటించవద్దని గట్టిగా చెప్పండి. తొలిరోజే ఏడుపు గొంతు పెట్టేసినవాడు ఆఖరి రోజు దాకా ఆ గొంతులోంచి బయటికి రాడు.

1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ స్థాపించిన ఇద్దరిలో ఒకరైన స్టానిస్లావ్‌స్కీ నటులను తమకు తాము వేసుకోమన్న ప్రశ్నలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. నేనెవరిని, ఎక్కడున్నాను, ఏ సమయం, ఇప్పుడే ఎక్కడి నుంచి వచ్చాను, నాకేం కావాలి, అడ్డేమిటి? వీటికి జవాబులు స్క్రిప్టులోంచే రావాలి. "పాత్ర మంచివాడు సార్" అన్నది జవాబు కాదు. "అప్పు సంగతి భార్యకు తెలియకముందే ఆ ఉత్తరం తీసేసుకోవాలి" అన్నది జవాబు. మొదటిది విని నటుడు ఏమీ చేయలేడు. రెండోది వినగానే ఉత్తరం ఎక్కడుందో వెతుకుతాడు.

ఈ తేడా పట్టుకోవడానికి ఒక చిన్న అభ్యాసం ఉంది. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఒకరికి ఒకటే మాట: "నువ్వు వెళ్లు." మిగతావాళ్లకు వినబడకుండా చెవిలో ఒక పని చెప్పండి. మొదటిసారి: తరిమెయ్యి. రెండోసారి: బతిమాలు. మూడోసారి: నువ్వు ఏడుస్తున్నట్టు తెలియకుండా దాచుకో. నాలుగోసారి: పైకి వెళ్లమను, కానీ ఎలాగైనా ఆపు. గొంతు ఎలా పెట్టాలో మీరు చెప్పలేదు, అయినా నాలుగూ నాలుగు రకాలుగా వస్తాయి. నాలుగోది సరిగ్గా పండితే ఎదుటివాడు సగం లేచి మళ్లీ కూర్చుంటాడు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లకు మీరు వేరే ఏమీ వివరించనక్కర్లేదు.

ఇక ఆ తర్వాత "ఇలా అను" అనడం మానేసి, "ఈ మాటతో ఆవిడను ఏం చేస్తున్నావు?" అని అడగడం అలవాటు చేసుకోండి. జవాబు క్రియాపదంలో రావాలి: బెదిరిస్తున్నాను, ఓదారుస్తున్నాను, దాటవేస్తున్నాను. పెన్సిల్‌తో ఆ క్రియను డైలాగు పక్కన రాయించండి. పెన్ను వద్దు, మారుతుంది. నన్ను అడిగితే ఆ "రాకపోతే రాకపో" కుర్రాడికి నేను చేయాల్సింది ఈ ఒక్క ప్రశ్న వేయడమే.

వాక్యం చివర మింగేస్తున్నారా?

ఇది తెలుగులో నటించేవాళ్లకు ప్రత్యేకమైన జబ్బు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునా కాదా, ప్రశ్నా జవాబా, చేశాడా చేయించాడా, అన్నీ ఆ చివరి రెండు మూడు అక్షరాల్లోనే తేలతాయి. "నేను ఆ రోజు వాడికి డబ్బు ఇవ్వ..." వరకు ఊపిరి నిండుగా ఉంటుంది. "...లేదు" దగ్గరికి వచ్చేసరికి గాలి అయిపోతుంది. ఆరో వరసలో కూర్చున్నవాళ్లకు ఇచ్చాడో ఇవ్వలేదో తెలియదు. కథ అక్కడే తెగిపోతుంది.

మందు తేలికే. గది ఒక చివర నటుణ్ణి, ఇంకో చివర మరొకరిని నిలబెట్టి, వాక్యంలో చివరి మాట మాత్రమే వరుసగా చెప్పించండి: ఇవ్వలేదు, చూశానా, పోనివ్వు, రాదు. అవతలివాడు విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. తర్వాత పూర్తి వాక్యం, కానీ చివరి మాట దగ్గర ఒక అడుగు ముందుకు వెయ్యాలి. వారం రోజుల్లో తేడా వినిపిస్తుంది.

వినబడటం అంటే అరవడం కాదని కూడా అప్పుడే చెప్పండి. అరిచే పిల్లల గొంతు మూడో వారానికి బొంగురుపోతుంది. రోజూ మొదటి పావుగంట వార్మప్ తప్పనిసరి: నేల మీద వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టి ఊపిరి, నోరు మూసి హమ్మింగ్, పెదాలు బుర్రుమనిపించడం, తర్వాత "ఎర్ర లారీ తెల్ల లారీ" లాంటివి మెల్లగా మొదలుపెట్టి వేగంగా. గొంతు పోయినవాళ్లను గుసగుసగా మాట్లాడమనకండి, దానివల్లా గొంతు అలసిపోతుంది. ఆ రోజుకు మౌనంగా ఉండి కదలికలు మాత్రం చేయమనండి.

యాస సంగతి. పాత్రకు అడ్డు రానంతవరకు పిల్లల యాసను సరిదిద్దకండి. "ప్రామాణిక" ఉచ్చారణ నేర్పబోయి మనం చాలామందిని స్టేజి మీద న్యూస్ చదివేవాళ్లలా తయారుచేశాం. శ, ష, స తేడా, ళ, ల తేడా, ఒత్తులు స్పష్టంగా ఉంటే చాలు.

లేచి నిలబడ్డాక

గదిలో నేల మీద టేపుతో అసలు స్టేజి కొలత గీయండి. గుమ్మం ఎక్కడో, కుర్చీ ఎక్కడో గుర్తులు పెట్టండి. కుడి, ఎడమ అంటే ప్రేక్షకుల వైపు తిరిగిన నటుడి కుడి, ఎడమ అని మొదటి రోజే తేల్చేయండి. లేకపోతే ఆఖరి రోజు కూడా ఇద్దరు గుమ్మంలో ఢీకొంటారు.

కదలికలన్నీ మీరే గీసి ఇవ్వకండి. సన్నివేశం ఒకసారి వాళ్ల ఇష్టానికి వదిలేయండి. గందరగోళంగా ఉంటుంది, ఒకరినొకరు కప్పేసుకుంటారు. కానీ అందులో రెండు మూడు కదలికలు మీకు తట్టనివి ఉంటాయి. అవి ఉంచి, మిగతావి సర్దండి. కారణం లేని నడక కనబడితే "ఎందుకు లేచావు?" అని అడగండి. "మీరు లేవమన్నారు కదా సార్" అని జవాబు వస్తే తప్పు మీది.

నాలుగో వారం మొదటి రోజు స్క్రిప్టు చేతిలోంచి దించేయాలి. తేదీ ముందే చెప్పండి. ఆ రోజు నుంచి మాట మరచిపోతే నటుడు పాత్రలోంచి బయటికి రాకుండా "లైన్" అనాలి. స్క్రిప్టు పట్టుకుని కూర్చునే ప్రాంప్టర్ ఆ మాట పొడిగా, నటన లేకుండా అందించాలి. "అయ్యో, సారీ సార్" అంటూ నాలుక కరుచుకోవడం ఉండకూడదు.

సన్నివేశం పండకపోతే ఏం చేయాలో తోచనప్పుడు నాట్యశాస్త్రంలోని చతుర్విధ అభినయాన్ని నేను ఒక చెక్‌లిస్టులా వాడతాను. ఆంగికం (శరీరం), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం): ఇందులో తేడా ఎక్కడుంది? మనం ఎప్పుడూ సాత్త్వికాన్ని అనుమానిస్తాం, "ఫీల్ అవ్వడం లేదు" అంటాం. చాలాసార్లు తప్పు ఆహార్యంలో ఉంటుంది. అధికారి పాత్ర వేసే అబ్బాయి స్పోర్ట్స్ షూలో రిహార్సల్ చేస్తున్నాడు, నడక ఎలా వస్తుంది? మూడో వారం నుంచే పాత్రకు తగిన చెప్పులు, బూట్లు, చీర, కళ్లజోడు వాడించండి. మిగతా దుస్తులు తర్వాత రావచ్చు, కాళ్లకు వేసుకునేవి మాత్రం ముందే రావాలి.

తప్పులు చెప్పడం

నాటకం మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఆడించే రన్ త్రూ అవగానే అందరూ మీ మొహం చూస్తారు. ముందు మీరు మాట్లాడకండి. "ఏం జరిగింది?" అని అడగండి. మీరు రాసుకున్న వాటిలో సగం వాళ్లే చెప్పేస్తారు. మిగతా సగంలో ఒక్కొక్కరికి మూడుకు మించి చెప్పకండి. పదిహేను చెబితే ఒక్కటీ గుర్తుండదు, టెన్షన్ ఒక్కటే మిగులుతుంది. "బాగాలేదు" అన్నది నోట్ (దిద్దుకోడానికి ఇచ్చే సూచన) కాదు. "ఉత్తరం చూడకముందే భయపడ్డావు" అన్నది నోట్.

రంగు, లావు, పొట్టి మీద జోకులు వద్దు. మా గురువులు మమ్మల్ని తిట్టారు, మేం నేర్చుకోలేదా అని మనలో చాలామంది అంటారు. తిట్టినా నేర్చుకున్నాం, తిట్టినందువల్ల కాదు.

ఇంకొన్ని హద్దులు. భుజం తిప్పి చూపించాల్సి వచ్చినా "పట్టుకోనా?" అని అడిగి పట్టుకోండి. ముట్టుకునే, కొట్టే సన్నివేశాలు నటులిద్దరికీ సమ్మతమైన కదలికలతో, లెక్కపెట్టుకుంటూ మెల్లగా సాధన చేయించండి. చెంపదెబ్బ ఎప్పుడూ నిజంగా తగలకూడదు. తలుపు మూసిన గదిలో ఒక్కరితో రిహార్సల్ వద్దు. మెసేజ్‌లన్నీ గ్రూపులోనే. ముగించే టైం చెప్పారంటే ఆ టైంకి ముగించాలి, ఎంత బాగా నడుస్తున్నా సరే. సినిమాల్లో చాన్స్ ఇప్పిస్తారా అని అడుగుతారు. మీ చేతిలో లేనిది మీ చేతిలో లేదని చెప్పండి.

తెర వెనక వాళ్లు

పాత్ర దొరకనివాళ్లకు లైట్లు అప్పగించడం అనే అలవాటు మానేద్దాం. మొదటి వారంలోనే స్టేజి మేనేజర్‌ను ఎంచుకోండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ మాట మీద లైటు మారుతుందో రాసుకునే మాస్టర్ కాపీ ఆ విద్యార్థి దగ్గర ఉండాలి, మీ దగ్గర కాదు. క్యూ అంటే లైటో సౌండో మార్చమనే సంకేతం. క్యూ షీట్‌లో మూడు గళ్లు చాలు: క్యూ నంబరు, ఏ మాట మీద, ఏం జరగాలి. "రెడీ" అన్నాక "గో" అనేదాకా ఎవరూ స్విచ్ ముట్టుకోకూడదు.

వస్తువుల బల్ల మీద తెల్లకాగితం పరిచి, ప్రతి వస్తువు చుట్టూ మార్కర్‌తో గీత గీసి లోపల పేరు రాయించండి. ఉత్తరం, తాళంచెవి, గ్లాసు. ప్రదర్శనకు ముందు ఒక్క చూపులో ఏ గీత ఖాళీగా ఉందో తెలిసిపోతుంది. ఇది చూసి పిల్లలు మొదట నవ్వుతారు. తాళంచెవి ఎవరి జేబులోనో ఉండిపోయిన రోజున నవ్వడం ఆపేస్తారు.

చివరి వారం

లైట్లు, సౌండు సరిచూసుకునే టెక్నికల్ రిహార్సల్ నటుల కోసం కాదని ముందే చెప్పండి. ఆ పూట ఒక క్యూ నుంచి ఇంకో క్యూకి దూకుతూ వెళ్లాలి, మధ్య డైలాగులు వదిలేయాలి. చీకట్లో కదిలేవాళ్లు చీకట్లోనే నాలుగైదు సార్లు సాధన చేయాలి. తర్వాత డ్రెస్ రిహార్సల్, మేకప్‌తో సహా, ఆపకుండా. ఏది విరిగినా, ఎవరు మాట మరచినా మీరు నోరు తెరవకండి. వాళ్లే గట్టెక్కాలి. ఒకసారి గట్టెక్కారంటే ప్రదర్శన రోజు భయం సగం తగ్గుతుంది.

ఆ రోజు మీ పని దాదాపు శూన్యం. పొద్దున ఒకసారి స్టేజి మీద మేకులు, వైర్లు చూడండి. కొట్లాట సన్నివేశం ఉంటే మెల్లగా ఒకసారి చేయించండి. వార్మప్ స్టేజి మేనేజర్ చేయిస్తారు. తెర లేవడానికి గంట ముందు నుంచి కొత్త సూచనలేవీ వద్దు, ఎంత నాలుక దురదపెట్టినా. గ్రీన్‌రూమ్‌లోంచి బయటికి వచ్చి, హాలు తిరిగి ఆఖరి వరసకు వెళ్లి కూర్చోండి. నోట్‌బుక్ బ్యాగులోనే ఉండనివ్వండి.

తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శనకు నాంది పలికింది 1880లో ఒక ఉపాధ్యాయుడు, కందుకూరి వీరేశలింగం, తన విద్యార్థుల చేత ఆడించిన నాటకం. "కాలేజీ నాటకమే కదా" అని పక్క సీట్లో ఎవరైనా అంటే చెప్పడానికి పనికొస్తుంది.

వారం పది రోజులయ్యాక ఒక గంట కోసం మళ్లీ వెళ్లండి. ప్రదర్శన రాత్రి పొగడ్తల మధ్య అసలు మాటలు రావు, అప్పటికి వస్తాయి. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ హాలు నిశ్శబ్దమైందో వాళ్లనే చెప్పనివ్వండి. మాస్టర్ కాపీ, క్యూ షీట్లు, టేపు చుట్ట, వస్తువుల బల్ల మీది ఆ గీతల కాగితం, అన్నీ ఒక పెట్టెలో పెట్టి జూనియర్లకు అప్పగించమనండి. వచ్చే ఏడాది ఏ నాటకం వేయాలో అప్పటికే వాళ్లలో వాళ్లు వాదించుకుంటూ ఉంటారు. అందులో మీ అభిప్రాయం అడిగితేనే చెప్పండి.